ఎవరి డబ్బుతో చదివారు?

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు రెండు నెలలుగా అడుగుతున్నారు. డి.ఎ. గురించి, పెన్షను సవరణ గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. వారు నాకంటె బాగా వ్రాస్తారు కూడా. నేను రిటైరైన నాటినుంచీ చరిత్ర పుస్తకాలతో కాలక్షేపం చేస్తున్నవాడిని కనుక ఒక చిన్న చరిత్రే వ్రాస్తాను. ఇందులో రాజులు కొందరు వస్తారు గాని యుద్ధాలు లేవు. మన దేశపు పిల్లలు పరాయిదేశం వెళ్ళి చదువుకోవడానికి డబ్బు ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్నదే విషయం. ఈ చరిత్ర వెదకవలసిన అవసరం మా యింట్లోనే పుట్టింది. ముందు అది చెప్పాలి.

2024 దసరాకు మా అమ్మాయి, అల్లుడుగారు, మనవరాలు హైదరాబాదు నుంచి కాకినాడ వచ్చారు. మనవరాలు అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. అమెరికాలో జీవశాస్త్రంలో డిగ్రీ చేయాలని దాని పట్టుదల. ఎం.ఎస్. కి వెళ్ళే పిల్లల్ని మనం వీధికి నలుగురిని చూస్తున్నాం. కాని ఇంటర్ కాగానే వెళ్ళి నాలుగేళ్ళ డిగ్రీ అక్కడే చేస్తానన్న పిల్లని మా బంధువుల్లో చూడటం అదే మొదలు. పండుగనాడు భోజనాలయ్యాక అల్లుడుగారు కొంచెం మొహమాటపడుతూ, "మామయ్యగారూ, ఇంటి దస్తావేజులు ఒకసారి చూడాలండీ" అన్నారు. 35 ఏళ్ళు బ్యాంకులో పనిచేసి, అందులో చాలా భాగం అప్పుల సెక్షనులో గడిపినవాడికి ఆ మాటకు అర్థం విడమరచి చెప్పనక్కరలేదు.

విషయం ఏమిటంటే, హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీవారు వారికి ఒక సలహా ఇచ్చారట. అమెరికా కాలేజీ దరఖాస్తులో "ఆర్థిక సహాయం కోరుతున్నారా?" అని ఒక ప్రశ్న ఉంటుంది. "కోరుతున్నాం అని వ్రాస్తే సీటు రాదు. అక్కరలేదు అని వ్రాయండి. సీటొచ్చి చేరిన తర్వాత నెమ్మదిగా అడగవచ్చు. మొదటి ఏడాది డబ్బు ఇంటిమీద అప్పు తెచ్చి చూపిస్తే చాలు" అన్నారట. అక్కడి పేరున్న ప్రైవేటు యూనివర్శిటీలలో ఏడాది ఖర్చు, ఫీజులు, హాస్టలు, భోజనం అన్నీ కలిపి 80 వేల డాలర్లు దాటి ఉంది. మన లెక్కలో దాదాపు 70 లక్షలు. నాలుగేళ్ళకు ఎంతవుతుందో మీరే వేసుకోండి. మా యిల్లు ఎంతకు పోతుందో నాకు తెలుసు. గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు, కమ్యుటేషను అన్నీ పోసి కట్టిన ఇల్లది. రెండవ సంవత్సరం ఫీజుకు కూడా చాలదు.

నేను వెంటనే కాదనలేదు, సరేననలేదు. దరఖాస్తులకు జనవరి మొదటి తేదీ వరకు గడువుంది. "నాకు మూడు వారాలు టైమివ్వండి" అన్నాను. నాకు తెలిసిన విద్య ఒక్కటే. అప్పు అడిగినవాడి పూర్వచరిత్ర చూడటం. ఇక్కడ అప్పు అడుగుతున్నది మనవరాలు కాదు, ఒక పద్ధతి. ఆ పద్ధతికి పూర్వచరిత్ర ఏమిటో చూద్దామనుకున్నాను.

అందరికంటె ముందు నాకు దొరికినది గిల్‌క్రిస్ట్ ట్రస్టు. కుంపిణీ ఉద్యోగులకు కలకత్తాలో హిందుస్తానీ నేర్పిన జాన్ గిల్‌క్రిస్ట్ దొర వ్రాసిపోయిన వీలునామాతో ఏర్పడిన ధర్మనిధి అది. 19వ శతాబ్దం రెండవ భాగంలో మన దేశపు విద్యార్థులు బ్రిటన్ వెళ్ళి డిగ్రీ చదవడానికి ఆ ట్రస్టు పోటీ పరీక్ష పెట్టి వేతనాలిచ్చింది. 1882లో ఆ పరీక్షలో నెగ్గినవారిలో ప్రఫుల్ల చంద్ర రాయ్ ఒకరు. తరువాత బెంగాల్ కెమికల్స్ స్థాపించిన ఆచార్య రాయ్‌గారే ఆయన. పరీక్షకు లాటిను కూడా చదవవలసి వచ్చింది. నెగ్గుతానో లేదోనని తయారవుతున్న సంగతి చాలామందికి చెప్పకుండా చదివారు. ఎడింబరోలో 1885లో బి.ఎస్‌సి., 1887లో డి.ఎస్‌సి. తీసుకున్నారు. అంటే ఇంటర్ స్థాయి కుర్రవాడు విదేశంలో డిగ్రీ చదవడానికి పరాయివాడి డబ్బు దొరకడం ఇవాళ్టి వింత కాదు, 140 ఏళ్ళనాటి మాట. కాని చూడండి, పరీక్ష ఇక్కడ, ఫలితం ఇక్కడ, ఓడ ఎక్కడం ఆ తరువాత.

మన హైదరాబాదు సంగతి దీనికంటె మనకు దగ్గర. నిజాం కాలేజీ తొలి అధిపతిగా పేరు పొందిన అఘోరనాథ చట్టోపాధ్యాయగారి అమ్మాయి సరోజిని, 12 ఏళ్ళకే మద్రాసు మెట్రిక్యులేషను ప్యాసయింది. 1895లో 16 ఏళ్ళ వయసులో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఇంగ్లండు వెళ్ళి, లండన్ కింగ్స్ కాలేజీలోను, కేంబ్రిడ్జి గిర్టన్ కాలేజీలోను చదివారు. 1898లో డిగ్రీ లేకుండానే తిరిగి వచ్చారు. ఆ డబ్బు వృథా అయిందని ఈనాడు ఎవరైనా అంటారా? మా మనవరాలితో ఈ మాట చెబితే, "తాతయ్యా, మనకి నిజాంగారు ఎవరు?" అంది. సరిగ్గా అదే అడగవలసిన ప్రశ్న. ఎవరో ఒక నిజాం ఉండాలి. ఎవరో ముందు తేల్చుకోవాలి.

రాజుగారి డబ్బుకు షరతు కూడా ఉంటుంది. అంబేద్కర్‌గారు 1913లో బరోడా మహారాజా శాయాజీరావు ఇచ్చిన వేతనంతో కొలంబియా యూనివర్శిటీకి వెళ్ళారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళు. తిరిగి వచ్చాక పదేళ్ళు బరోడా సంస్థానంలో కొలువు చేస్తానని ముందుగానే ఒప్పందం మీద సంతకం చేశారు. వేతనం గడువు తీరగానే, లండన్‌లో చదువు సగంలో ఉండగా, 1917లో తిరిగి రావలసి వచ్చింది. బరోడాలో ఉద్యోగం ఇచ్చారు గాని ఉండటానికి ఇల్లు ఎవరూ ఇవ్వలేదు. ఆయన ఆ సంస్థానం వదిలి రావలసి వచ్చిన అవమానం అందరికీ తెలిసినదే. మళ్ళీ 1920లో సొంతంగా కూడబెట్టిన డబ్బుతోను, కొల్హాపూర్ షాహూ మహారాజు, స్నేహితుడు నావల్ భథేనా చేసిన సాయంతోను వెళ్ళి చదువు పూర్తి చేశారు. ఆయనది పై చదువే కావచ్చు. అయినా ఒప్పందంలో ప్రతి వాక్యం సంతకానికి ముందే చదవాలి అన్నదానికి నాకు ఇంతకంటె పెద్ద ఉదాహరణ దొరకలేదు. మన లోను పత్రాలు చదవకుండా సంతకం పెట్టినవారిని ఎంతమందిని చూశామో మీకందరికీ తెలుసు.

ఇక మా వూరి కథ. కాకినాడ జగన్నాథపురంలో ఎం.ఎస్.ఎన్. కాలేజీ ముందునుంచి ఎన్నివేల సార్లు నడిచానో చెప్పలేను. ఆ మూడక్షరాల వెనుక ఉన్నది మల్లాడి సత్యలింగ నాయకర్‌గారు. కోరంగి ప్రాంతపు పేద కుటుంబంలో పుట్టి, రంగూన్ వెళ్ళి, ఓడరేవు వ్యాపారంలో గడించి, ఆ ఆస్తిని విద్యాదానానికి, అన్నదానానికి వ్రాసిపోయిన మహానుభావుడు. ఆ ధర్మసంస్థ ఇస్తామన్న సహాయాన్ని, మామగారు పోగుచేసిన డబ్బును నమ్ముకొని 1920ల తొలినాళ్ళలో బోస్టన్ ప్రయాణమైన యువకుడు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. భీమవరంలో పుట్టిన మనిషి. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు దొర ప్రొఫెసరు కోపానికి గురై ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. తో సరిపెట్టుకోవలసి వచ్చింది. హార్వర్డులో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమాకు చేరాక తెచ్చుకున్న డబ్బు ఎన్నాళ్ళు వస్తుంది? ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా, రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని చేసుకుంటూ చదివారు. ఫోలిక్ ఆసిడ్, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ మందుల వెనుక ఆయన ఉన్నారని ఇప్పుడు అందరం చెప్పుకుంటాం.

ఈ కథ నాకు చిన్నప్పటినుంచి తెలుసు. ఈసారి మాత్రం బ్యాంకువాడి కళ్ళతో చదివాను. ఒక్కరి డబ్బు కాదది. రంగూన్ రేవులో సంపాదించిన డబ్బు కొంత, పిల్లనిచ్చిన మామగారి డబ్బు కొంత, రాత్రి కూలి కొంత. మూడు చోట్లనుంచి వచ్చి అతుక్కున్నది. మామగారు తాకట్లు పెట్టారో లేదో నాకు తెలియదు గాని, ఆయన ఒక్కరే భరించలేదన్నది స్పష్టం. అల్లుడుగారితో ఆ మాటే అన్నాను. "మామగారి పాత్ర మొదటినుంచీ ఉన్నదే లెండి" అని నవ్వారు.

అమెరికా వెళ్ళిన తొలి తెలుగు విద్యార్థులలో ఒకరైన దరిశి చెంచయ్యగారిని కూడా తలచుకోవాలి. కనిగిరినుంచి 1912లో కాలిఫోర్నియా యూనివర్శిటీకి వెళ్ళి, గదర్ పార్టీలో చేరి, జైళ్ళపాలై, ఆ అనుభవాలన్నీ 'నేనూ నా దేశం' అన్న స్వీయచరిత్రలో వ్రాసుకున్నారు. సరిగ్గా ఆ సంవత్సరమే కాలిఫోర్నియాలో బంగాళాదుంపలు పండించే జ్వాలాసింగ్ అనే పంజాబీ రైతు, గురు గోవింద్ సింగ్ పేరిట బర్కిలీలో చదువుకొనే భారతీయ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు పెట్టాడు. కులమతాలు చూడలేదు. పొలంలో మట్టి పిసికిన డబ్బు. ఆయనకు కావలసినది, దేశం స్వతంత్రమైననాడు పనికొచ్చే చదువుకున్న యువకులు. ఇచ్చిన ప్రతివాడికీ ఒక ఉద్దేశం ఉంది చూడండి. గిల్‌క్రిస్ట్‌కు విద్యావ్యాప్తి, నిజాంకు సంస్థానం పరువు, గైక్వాడ్‌కు కొలువుకు తగిన మనిషి, నాయకర్‌గారికి పుణ్యం, జ్వాలాసింగ్‌కు దేశం.

జంషెడ్జీ టాటా 1892లో పెట్టిన నిధి మాత్రం మన బ్యాంకు లెక్కకు దగ్గరగా ఉంటుంది. అది దానం కాదు, అప్పుగా ఇచ్చే స్కాలర్‌షిప్పు. చదువుకున్నవాడు తిరిగి కడితే ఆ డబ్బే మరొకరికి వెళుతుంది. 1945లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌కు వెళ్ళిన కె.ఆర్. నారాయణన్‌గారు టాటా స్కాలర్‌షిప్పు మీదే వెళ్ళారు. తిరువాన్కూరులో ఎం.ఎ. మొదటి స్థానంలో ప్యాసయి కూడా అక్కడ మళ్ళీ బి.ఎస్‌సి. డిగ్రీయే చదివారు. ఇది చదివి మా మనవరాలు ఉత్సాహపడింది గాని, ఆ నిధి పట్టభద్రులకే. తరువాత వచ్చిన కె.సి. మహీంద్రా నిధి, 1976లో మొదలైన ఇన్‌లాక్స్ వారి నిధి కూడా పై చదువులవారికే. మన రాష్ట్ర ప్రభుత్వాలు అంబేద్కర్ పేరిట పెట్టిన విదేశీ విద్యానిధులు కూడా ప్రధానంగా పి.జి. చదువులకు ఉద్దేశించినవే. ఇంటర్ ప్యాసయిన పిల్లకు మన దేశంలో తలుపులు తక్కువ. ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు. నెల రోజులు తిరిగాక తెలుస్తుంది.

స్వాతంత్ర్యం తరువాత రాజుల స్థానంలో దేశాలు వచ్చాయి. 1954లో జపాన్ ప్రభుత్వం విదేశీ విద్యార్థులకు వేతనాలు మొదలుపెట్టింది. అందులో డిగ్రీ చదువుకు కూడా ఒక విభాగం ఉంది. మొదటి ఏడాది జపాను భాష నేర్పి, తరువాత నాలుగేళ్ళు చదివిస్తారు. రానుపోను విమానం ఖర్చు, ఫీజు, నెలవేతనం వారివే. పరీక్ష ఇక్కడే, వారి రాయబార కార్యాలయం ద్వారా. 1960లో సోవియట్ యూనియన్ మాస్కోలో ప్రజల మైత్రీ విశ్వవిద్యాలయం పెట్టింది. మరుసటి సంవత్సరం దానికి కాంగో నాయకుడు పాట్రిస్ లుముంబా పేరు పెట్టారు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా పిల్లలకు ఉచిత చదువు, ప్రయాణ ఖర్చులు, నెలవేతనం, ముందు ఒక ఏడాది రష్యన్ భాష. మన జిల్లాలలో కమ్యూనిస్టు కుటుంబాల పిల్లలు కొందరు రష్యా వెళ్ళి డాక్టర్లు, ఇంజనీర్లు అయి వచ్చిన సంగతి మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. సోవియట్ యూనియన్ పోయింది. యూనివర్శిటీ ఉంది. 1992లో తీసివేసిన లుముంబా పేరు 2023లో తిరిగి పెట్టారు.

అమెరికావారూ ఊరుకోలేదు. 1959లో కెన్యా నాయకుడు టామ్ ఎంబోయా అమెరికా అంతా తిరిగి కాలేజీలలో సీట్లు, స్కాలర్‌షిప్పులు అడిగి, ఒక విమానం మాట్లాడి 81 మంది విద్యార్థులను పంపాడు. బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్, గాయకుడు హారీ బెలఫాంటే వంటివారు చందాలు పోగుచేశారు. మరుసటి ఏడాది విమానం ఖర్చు భరించడానికి అమెరికా విదేశాంగశాఖ నిరాకరించింది. అప్పుడు ఎంబోయా వెళ్ళి అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న కెన్నెడీని కలిస్తే, ఆ కుటుంబపు ట్రస్టు లక్ష డాలర్లు ఇచ్చింది. ఎన్నికల సంవత్సరం కావడంతో అదొక పెద్ద వివాదమై సెనేటు దాకా వెళ్ళింది. ఆ 1960 బృందంలో వెళ్ళి కాన్సస్‌లో ఒక చిన్న కాలేజీలో జీవశాస్త్రం డిగ్రీ చదివిన అమ్మాయే వంగారి మాతాయ్. 2004లో నోబెల్ శాంతి బహుమతి పొందారు. "జీవశాస్త్రమే తాతయ్యా!" అని మా మనవరాలు ఆ పేజీకి గుర్తు పెట్టుకుంది. నాకు నచ్చినది వేరొకటి. ఎంబోయా పేరుమోసిన యూనివర్శిటీల వెంట మాత్రమే తిరగలేదు. ఎవరూ పేరు వినని ఊళ్ళలోని చిన్న కాలేజీలను కూడా అడిగాడు. ఇచ్చినవారిలో అవే ఎక్కువ.

1970లలో నేను మా బ్యాంకులో విదేశీ మారకం కౌంటరులో రెండేళ్ళు కూర్చున్నాను. అక్కడ అన్ని ఏర్పాట్లూ ఉన్న విద్యార్థికి కూడా చేతి ఖర్చుకు 8 డాలర్లు ఇచ్చి పాస్‌పోర్టు మీద వ్రాసి పంపేవాళ్ళం. అప్పటి లెక్కలో సుమారు 60, 70 రూపాయలు. ఆ నోట్లు లెక్కపెట్టి తీసుకొనే కుర్రవాళ్ళ చేతులు నాకిప్పటికీ గుర్తు. జాలిపడేవాడిని. ఇప్పుడు ఆలోచిస్తే జాలిపడవలసిన పని లేదు. ఆ కుర్రవాడి జేబులో 8 డాలర్లున్నా, సంచిలో ఒక ఉత్తరం ఉండేది. ఫీజు మాఫీ, నెలకింత వేతనం అని యూనివర్శిటీవారి సంతకంతో. ఉత్తరం లేనివాడు బయలుదేరలేకపోయేవాడు. 1999 నాటి చట్టం 2000 జూన్‌లో అమలులోకి వచ్చి, ఆపైన 2004లో వ్యక్తులు సొంతంగా డబ్బు పంపుకొనే వీలు కలిగాక ఆ అడ్డు తొలగింది. ఇప్పుడు ఒకరు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు. ఉత్తరం లేకపోయినా, ఇల్లుంటే బయలుదేరవచ్చు. స్వేచ్ఛే. కాని తలుపు తీసిన చోటునుంచే ఇంటి దస్తావేజులు బయటికి నడిచాయి.

అటు బ్రిటన్‌లో తలుపులు మూసుకున్నాయి. 1967 వరకు అక్కడ విదేశీ విద్యార్థికి, స్వదేశీ విద్యార్థికి ఒకటే ఫీజు. ఆ సంవత్సరం విదేశీయులకు 250 పౌండ్లు, స్వదేశీయులకు 70 పౌండ్లు అని విడదీశారు. 1980 నుంచి థాచర్ ప్రభుత్వం విదేశీయుల వద్ద మొత్తం ఖర్చు వసూలు చేయడం మొదలుపెట్టింది. ఐరోపాలో మిగిలినవారూ ఒక్కొక్కరే అదే దారి పట్టారు. డెన్మార్క్ 2006లో, స్వీడన్ 2011లో, ఫిన్లండ్ 2017లో, నార్వే 2023లో బయటి దేశాల పిల్లలకు ఫీజు పెట్టాయి. జర్మనీలో ప్రభుత్వ యూనివర్శిటీలు చాలావరకు ఫీజు లేకుండానే ఉన్నాయి గాని, బ్రతకడానికి ఏడాది డబ్బు ముందే బ్యాంకులో కట్టి చూపాలి.

అమెరికా సంగతి తిరకాసుగా ఉంటుంది. 1965 నాటి ఉన్నత విద్యా చట్టం క్రింద అక్కడి కేంద్రప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లు, అప్పులు వీసా మీద వెళ్ళిన విద్యార్థికి వర్తించవు. బయటి పిల్లకు ఇవ్వవలసింది కాలేజీయే, తన సొంత నిధినుంచి. ఆ నిధి ఉన్న కాలేజీలు అన్నీ ఒక తీరు కావు. కొన్ని సీటు ఇచ్చేటప్పుడు, ఈ పిల్ల డబ్బు కట్టగలదా లేదా అన్నది చూడవు. సీటిచ్చాక కుటుంబం ఎంత కట్టగలదో లెక్కగట్టి మిగిలినది తామే భరిస్తాయి. ప్రిన్స్‌టన్ 2001లో విదేశీయులకు కూడా ఈ పద్ధతి వర్తింపజేసి, అప్పులు తీసివేసి అంతా గ్రాంటుగానే ఇచ్చింది. హార్వర్డు, యేల్, ఎం.ఐ.టి., ఏమ్హర్స్ట్ అదే పద్ధతి. డార్ట్‌మత్ ఒకసారి మొదలుపెట్టి, మానేసి, 2022లో మళ్ళీ పెట్టింది. కాని వీటిలో సీటు రావడం దేవుడు ప్రత్యక్షం కావడం వంటిది. మిగిలిన కాలేజీలు చాలా వాటిలో సహాయం అడిగితే సీటు అవకాశం కొంత తగ్గేమాట నిజమే. కన్సల్టెన్సీవారు చెప్పిన సగం సత్యం అది.

రెండవ సగం నేను, మనవరాలు కలిసి ఒక్కొక్క కాలేజీ నిబంధనలు చదివితే బయటపడింది. దానికి ఇంగ్లీషు వచ్చు, నాకు షరతులు చదవడం వచ్చు. మేము చూసిన వాటిలో ఎక్కువ కాలేజీల నిబంధన ఇది: మొదటి దరఖాస్తులో సహాయం కోరని విదేశీ విద్యార్థి, చదివే నాలుగేళ్ళలో మళ్ళీ ఎప్పుడూ కోరడానికి వీల్లేదు. "చేరాక నెమ్మదిగా అడగవచ్చు" అన్నమాట ఏ కాగితంలోనూ లేదు. అక్కరలేదు అని ఒక్క గడిలో గుర్తు పెడితే, నాలుగేళ్ళకూ ఇల్లు, ఆ తరువాత ఇంకేదో పెట్టుకోవాలి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదిహేనేళ్ళ క్రిందట నేను పనిచేసిన చోట ఒక రిటైర్డు మాస్టారు కొడుకు చదువుకు ఇల్లు హామీ పెట్టారు. రెండవ ఏడాది డబ్బు అందక కుర్రవాడు డిగ్రీ లేకుండా తిరిగి వచ్చాడు. మాస్టారు ప్రతినెలా రెండవ తారీఖున పెన్షను తీసుకొని, అదే వరుసలో అటు తిరిగి నా కౌంటరులో కట్టేవారు. ఒక్కనెల తప్పలేదు. ఒక్కసారి కూడా నా మొహంలోకి చూడలేదు.

మరునాడు అల్లుడుగారికి ఫోను చేసి విషయం చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అడిగితే సీటే రాకపోతేనో మామయ్యగారూ?" అన్నారు. "రాకపోతే ఇక్కడ చదువుతుంది. ఇల్లుంటుంది" అన్నాను. మా అమ్మాయికి కోపం వచ్చింది. పిల్ల ఆశకు నేను అడ్డుపడుతున్నానని పది రోజులు సరిగా మాట్లాడలేదు. ఇది కూడా వ్రాస్తున్నాను, ఎందుకంటే మీ ఇళ్ళలోనూ ఇదే జరుగుతుంది.

ఎనిమిది కాలేజీలకు, అన్నింటిలోనూ సహాయం కావాలి అనే వ్రాసి, దరఖాస్తు చేసింది. పెద్దవి మూడు, చిన్నవి అయిదు. కెంటకీలో బెరియా అని ఒక కాలేజీ ఉంది. 1892 నుంచి ట్యూషను ఫీజు వసూలు చేయలేదు. ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు కాలేజీలో పనిచేయాలి. సుబ్బారావుగారి కథ తెలిసినవాళ్ళం కనుక ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. కార్నెల్‌లో 2008లో టాటావారు రెండున్నర కోట్ల డాలర్లతో భారతీయ విద్యార్థుల డిగ్రీ చదువుకే పెట్టిన నిధి ఉంది. కెనడాలో టొరంటో యూనివర్శిటీ పియర్సన్ స్కాలర్‌షిప్పు మొత్తం నాలుగేళ్ళ ఖర్చు ఇస్తుంది. దానికి పిల్ల చదివే స్కూలే పేరు పంపాలి. మేము కనుక్కొనేసరికి గడువు దాటిపోయింది. మీ మనవలు పదో తరగతిలో ఉంటే ఇప్పుడే కనుక్కోండి.

ఆ సహాయపు దరఖాస్తు కూడా మన లోను దరఖాస్తుకు తాతలాంటిది. తండ్రి జీతం, తల్లి జీతం, బ్యాంకు నిల్వలు, ఇల్లు, బంగారం, ఇతర పిల్లల ఫీజులు, అన్నీ అడుగుతారు. అల్లుడుగారు కొన్ని దాచుదామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆస్తి దాచిన దరఖాస్తు తేలిగ్గా దొరికిపోతుందని నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు! ఉన్నది ఉన్నట్టు వ్రాశాం. ఏడాదికి మేము కట్టగలిగినది ఎంత అన్నచోట, నాలుగు లక్షలు అల్లుడుగారి జీతంలోనుంచి అని వ్రాసి, దానికి ఒక ఉత్తరం జతచేశాం.

2025 మార్చి నెలాఖరుకు ఫలితాలు వచ్చాయి. అయిదు కాలేజీలు లేదన్నాయి. రెండు సీటిచ్చాం, డబ్బు లేదన్నాయి. ఒకటి, అమెరికా మధ్య రాష్ట్రాలలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న కాలేజీ, సీటిచ్చి, ఏడాదికి 11 వేల డాలర్లు మీరు కట్టుకోండి, మిగిలినది మేము చూసుకుంటాం అంది. ఆ ఊరి పేరు పటంలో వెదకడానికి మాకు కొంతసేపు పట్టింది.

అప్పుడు కాగితం తీసుకొని కూర్చున్నాం. డాలరు 85 చొప్పున 11 వేలు అంటే 9 లక్షల 35 వేలు. కాలేజీలోనే పనిచేసుకొనే వీలుంది. అందులో సుమారు లక్షా 70 వేలు తీయవచ్చు. మిగిలింది 7 లక్షల 65 వేలు. అల్లుడుగారివి నాలుగు. బ్యాంకు విద్యారుణం నాలుగేళ్ళకు కలిపి ఏడున్నర లక్షలు, అంటే ఏడాదికి లక్షా 87 వేలు. ఏడున్నర దాటితేనే ఆస్తి హామీ. దాటలేదు కనుక మనిషి హామీ సరిపోయింది. ఆ సంతకం నేను పెట్టాను. మిగిలిన లక్షా 78 వేలు ఏటా నా డిపాజిట్లనుంచి ఇస్తానన్నాను. విమానం టిక్కెట్టు వాళ్ళ అమ్మమ్మ గాజులు రెండు అమ్మి కొంది. నేను వద్దన్నాను. నా మాట ఏనాడు విన్నది గనుక!

2025 మే చివరలో అమెరికావారు కొత్త విద్యార్థి వీసా అపాయింట్‌మెంట్లు ఆపివేసినప్పుడు మూడు వారాలు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. జూన్‌లో మళ్ళీ తెరిచారు. ఇంటర్వ్యూకు తీసుకువెళ్ళవలసిన కాగితాలు నేనే ఒక ఫైలులో వరుసగా సర్దాను. అన్నింటికంటె పైన కాలేజీవారి సహాయపు ఉత్తరం. దాని క్రింద అల్లుడుగారి జీతపు పత్రాలు. దాని క్రింద బ్యాంకు మంజూరు పత్రం. అట్టడుగున నా పెన్షను పేమెంటు ఆర్డరు నకలు, రెండు డిపాజిట్ రసీదులు. ఆగస్టులో విమానం ఎక్కింది. సెప్టెంబరులో ఫోను చేసి, కాలేజీ లైబ్రరీలో రాత్రి పది వరకు పుస్తకాలు సర్దే పని దొరికిందని చెప్పింది. ఇంటి దస్తావేజులు బీరువాలో, పై అరలో, నా పట్టుబట్టల క్రింద ఎప్పటిచోటనే ఉన్నాయి.